ఈ.కోలై లేదు, టీడీఎస్ బాగానే ఉంది: ఈ నీళ్ల రిపోర్టును నమ్మొచ్చా?

ట్యాంకు_కాపలా (ప్రశ్న)

రెండు బోర్ల నీటిని 2 లక్షల లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కించి, బ్లీచింగ్ పౌడర్ కలిపి, సుమారు 4 వేల మందికి పైపులైన్లో ఇస్తున్న పథకం. నీళ్లు రోజుకు రెండు పూటలే వదులుతారు. ట్యాంకుకు దగ్గర్లో ఉన్న ఒక కుళాయి నుంచి, బాగా కడిగిన ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి మర్నాడు ఉదయం ల్యాబ్‌లో ఇచ్చారు. వచ్చిన రిపోర్టు ఇది:

పీహెచ్ 8.1, టర్బిడిటీ (నీటి మసక) 3.2 ఎన్‌టీయూ, టీడీఎస్ (కరిగిన లవణాలు) 640, ఫ్రీ క్లోరిన్ (చంపే పనికి ఇంకా మిగిలి ఉన్న క్లోరిన్) 0.1, ఫ్లోరైడ్ 1.9, నైట్రేట్ 14 (నైట్రోజన్‌గా), ఆర్సెనిక్ "బీడీఎల్, 0.05 కంటే తక్కువ" (బీడీఎల్ అంటే పరికరం కనిపెట్టగలిగే కనీస మొత్తానికి దిగువ). ఇవన్నీ లీటరుకు మి.గ్రా.లలోనే, పీహెచ్, టర్బిడిటీ తప్ప. టోటల్ కోలిఫాం (ఒక బ్యాక్టీరియా గుంపు) 100 మి.లీ.కి 8, అందులో మల కాలుష్యాన్ని చూపే ఈ.కోలై లేదు.

ఫ్లోరైడ్ ఒక్కటే పరిమితి దాటిందని, మిగతావన్నీ బాగున్నాయని ఇక్కడ అందరి అభిప్రాయం. అది సరైనదేనా? ఈ అంకెల నుంచి ఆరోగ్యానికి ఎంత ముప్పు ఉందో ఎలా లెక్కకట్టాలి? మళ్లీ పరీక్ష చేయిస్తే ఎక్కడెక్కడ, ఎన్ని శాంపిళ్లు తీయాలి?

శాంపిల్_సీసా

అంకెల జోలికి వెళ్లే ముందు ఆ సీసా సంగతి తేల్చాలండీ. క్లోరిన్ కలిపిన నీళ్లను మామూలు సీసాలో పడితే, మిగిలిన క్లోరిన్ దారి పొడవునా తన పని తాను చేస్తూనే ఉంటుంది. కుళాయి దగ్గర బతికున్న బ్యాక్టీరియా ల్యాబ్‌కు చేరేలోపే చచ్చిపోవచ్చు. క్లోరిన్ అయిపోయాక సీసా వెచ్చగా ఉంటే, మిగిలిన వాటిలో కొన్ని పెరగనూవచ్చు. అంటే "ఈ.కోలై లేదు" అన్న మాటకూ, "కోలిఫాం 8" అన్న అంకెకూ ఈ రిపోర్టులో విలువ కట్టలేం. ఫ్రీ క్లోరిన్ 0.1 అంతకంటే అర్థం లేనిది. క్లోరిన్‌ను కుళాయి దగ్గరే, నీళ్లు పట్టిన నిమిషంలోనే చూడాలి. మర్నాడు ల్యాబ్‌లో చూస్తే తెలిసేది సీసాలో ఎంత మిగిలిందన్నదే.

బ్యాక్టీరియా శాంపిల్‌కు ల్యాబ్ ఇచ్చే స్టెరైల్ సీసానే వాడాలి. అందులో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉండాలి. 120 మి.లీ. సీసాలో 3 శాతం ద్రావణం 0.1 మి.లీ. వేస్తే లీటరుకు 5 మి.గ్రా. దాకా క్లోరిన్‌ను అది విరిచేస్తుంది. ఆ మందు పోతుంది కాబట్టి సీసాను కడగకూడదు. కుళాయికి జాలీ, రబ్బరు గొట్టం ఉంటే తీసేయండి. మూతిని బ్లీచ్ ద్రావణంతో తుడిచి, 2–3 నిమిషాలు నీళ్లు వదిలాక పట్టండి. ల్యాబ్‌లో కుదపడానికి వీలుగా పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచండి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ఐస్ పెట్టెలో పెట్టి వీలైతే 6 గంటల్లో, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటల్లోపు పరీక్ష మొదలయ్యేలా చూడండి. గడ్డకట్టనివ్వకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం 100 మి.లీ. నీటిలో ఈ.కోలై అసలు కనబడకూడదు. కానీ అది కనబడలేదు కాబట్టి రోగకారకాలేవీ లేవని అనుకోవడం తప్పు. ఈ.కోలై క్లోరిన్‌కు సులువుగా చస్తుంది. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి తిత్తులు మామూలు క్లోరిన్ మోతాదును లెక్కచేయవు, కొన్ని వైరస్‌లు కూడా ఈ.కోలై కంటే ఎక్కువసేపు తట్టుకుంటాయి. అందుకే ఈ.కోలై ఫలితాన్ని ఎప్పుడూ టర్బిడిటీ, ఫ్రీ క్లోరిన్, పీహెచ్‌లతో కలిపే చదవాలి.

మీ పీహెచ్ 8.1 చిన్న విషయం కాదు. క్లోరిన్‌లో చురుగ్గా చంపే భాగం హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7 దగ్గర అది మూడొంతులకు పైగా ఉంటే, 8.1 దగ్గర ఐదో వంతుకు కొంచెం ఎక్కువ మాత్రమే ఉంటుంది. మామూలుగా చెప్పే "0.5 మి.గ్రా. మిగులు, 30 నిమిషాలు" అన్న సూత్రం పీహెచ్ 8 లోపు నీళ్లకు చెప్పింది. మీ దగ్గర అదే 0.5 ఉంచాలంటే గంట పైగా సమయం ఇవ్వాలి. ట్యాంకు నింపుతూనే వాల్వు తిప్పేస్తే ఆ సమయం దొరకదు.

ఇక టర్బిడిటీ. 4 లోపు ఉంటే కంటికి తేటగానే కనిపిస్తుంది, కానీ క్లోరిన్ బాగా పనిచేయాలంటే 1 లోపు ఉండాలి. బోరు నీళ్లలో 3.2 ఎందుకొచ్చిందో తెలుసుకోవడం అంకె కంటే ముఖ్యం. ఇనుము గాలి తగిలి తుప్పుగా విడిపోతే ఒక రకం. వాన పడ్డాకే పెరుగుతుంటే పై నీరు నేరుగా బోరులోకి దిగుతోందన్నమాట, అది చాలా ప్రమాదకరం. కెనడాలోని వాకర్టన్‌లో 2000 మే నెలలో జరిగింది అదే. భారీ వాన తర్వాత పశువుల పేడ కలిసిన నీరు లోతు తక్కువ బావిలోకి చేరింది. క్లోరిన్ చాలినంత వేయలేదు, మిగులు క్లోరిన్‌ను సరిగ్గా కొలవలేదు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, 7 మంది చనిపోయారు. మిగులు క్లోరిన్‌ను, టర్బిడిటీని ఎడతెగకుండా కొలిచే మీటర్లు ఉండి ఉంటే ముప్పు ముందే పట్టుబడేది.

మోతాదు_లెక్క

రసాయనాల భాగం నేను చెబుతాను. ఈ రిపోర్టులో ఫ్లోరైడ్ కంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి.

మొదటిది నైట్రేట్. "14 (నైట్రోజన్‌గా)" అన్నదాన్ని 50తో పోల్చి పాస్ అనుకున్నట్టున్నారు. 50 అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి నైట్రేట్‌గా చెప్పినది. నైట్రోజన్‌గా చెబితే అది దాదాపు 11. మీ 14ను 4.43తో గుణిస్తే నైట్రేట్‌గా 62 వస్తుంది. అంటే పరిమితి దాటింది. ఈ పరిమితి జీవితకాలపు సగటు కోసం పెట్టింది కాదు, సీసాపాలు తాగే ఆరు నెలల లోపు పసిబిడ్డల కోసం పెట్టింది. వాళ్ల రక్తంలో ఆక్సిజన్ మోసే శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే ప్రమాదం రోజుల్లోనే రావచ్చు. విరేచనాలు కూడా ఉంటే ఆ ముప్పు పెరుగుతుంది. కాబట్టి మీ ట్యాంకులో బ్యాక్టీరియా, నైట్రేట్ వేర్వేరు సమస్యలు కావు.

రెండోది ఆర్సెనిక్. బీడీఎల్ అని కనబడగానే ఊపిరి పీల్చుకోవద్దు, పక్కన ఉన్న 0.05 చూడండి. మార్గదర్శక పరిమితి 0.01. ల్యాబ్ పరికరం కనిపెట్టగలిగే కనీస మొత్తమే పరిమితికి ఐదు రెట్లు ఉంది. నీళ్లలో 0.04 ఉన్నా ఇదే మాట రాస్తారు. అసలు ఆ పరీక్ష జరగనట్టే లెక్క. పరిమితిలో కనీసం మూడో వంతు దాకా, అంటే 0.003 వరకు కొలవగల పద్ధతి ఉందా అని ముందే అడిగి ఇవ్వండి. ఇంకో మెలిక: నీళ్లలో ఇనుము ఉంటే, సీసాలో అది తుప్పుగా అడుగుకు దిగుతూ ఆర్సెనిక్‌ను తనతో లాక్కుపోతుంది, ఫలితం తక్కువగా వస్తుంది. లోహాల శాంపిల్‌లో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 లోపుకు దించి ఉంచాలనేది అందుకే. బ్యాక్టీరియా సీసా, లోహాల సీసా, నైట్రేట్ సీసా మూడూ వేరు. నైట్రేట్ శాంపిల్‌కు ఈ ఆమ్లం వేస్తే లెక్కే తప్పుతుంది, దాన్ని చల్లగా ఉంచి 48 గంటల్లోపు చేయించాలి. ఫ్లోరైడ్‌కు గాజు వద్దు, ప్లాస్టిక్ సీసా వాడండి.

ఇప్పుడు ముప్పు లెక్క. సూత్రం చిన్నదే: గాఢతను రోజూ తాగే లీటర్లతో గుణించి శరీర బరువుతో భాగిస్తే కిలో బరువుకు రోజువారీ మోతాదు వస్తుంది. దాన్ని సురక్షిత మోతాదుతో భాగిస్తే హజార్డ్ కోషెంట్. అది 1 దాటితే జాగ్రత్త పడాలి. ఫ్లోరైడ్‌కు అమెరికా పర్యావరణ సంస్థ వాడే సురక్షిత మోతాదు కిలో బరువుకు రోజుకు 0.06 మి.గ్రా.

60 కిలోల మనిషి 2 లీటర్లు తాగితే: 1.9 × 2 ÷ 60 = 0.063, కోషెంట్ 1.06. ఎండలో పనిచేస్తూ 3 లీటర్లు తాగితే 0.095, అంటే 1.6. పది కిలోల పిల్లవాడు 1 లీటరు తాగితే 0.19, అంటే 3.2. నీళ్లు ఒకటే, ముప్పు మాత్రం మూడింతలు. రిపోర్టులో "పరిమితి 1.5 దాటింది" అని రాస్తే ఈ తేడా కనబడదు. పళ్ల మీద మచ్చలు పడేది శాశ్వత దంతాలు ఏర్పడే వయసులోనే కాబట్టి, తక్కువ ఫ్లోరైడ్ నీళ్లు కొద్దిగానే దొరికితే ముందు ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకే ఇవ్వాలి.

ఆహారం నుంచి వచ్చే ఫ్లోరైడ్ ఈ లెక్కలో లేదు. కాబట్టి 1.06ను "కొద్దిగానే కదా" అని కొట్టిపారేయకండి. అలాగని 3.2 వచ్చినంత మాత్రాన 3.2 రెట్లు జబ్బు వస్తుందనీ కాదు. ఏ సమస్యను ముందు పట్టుకోవాలో తేల్చుకోవడానికే ఈ అంకె.

టీడీఎస్ మీటరు నీటిలో కరెంటు ఎంత పారుతుందో చూసి కరిగిన లవణాలను అంచనా వేస్తుంది, అంతే. లీటరుకు 0.05 మి.గ్రా. ఆర్సెనిక్ 640లో దానికి కనబడదు, బ్యాక్టీరియా అసలే కనబడదు. అదే నీళ్లలో టీడీఎస్ ఉన్నట్టుండి మారితే మాత్రం ఏదో కలుస్తోందని సూచన. దాని ఉపయోగం అంతవరకే.

లైన్_మ్యాప్

రెండు పూటలే నీళ్లు వదులుతారన్న మాటను ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో ఈ పథకంలో అన్నిటికంటే పెద్ద ముప్పు అక్కడే ఉంది. వాల్వు మూసినప్పుడు లైను ఖాళీ అవుతూ లోపల పీల్పు పుడుతుంది. జాయింటు కారుతూ, పక్కన మురుగు నిలిచి ఉంటే ఆ మురుగును లైనే లోపలికి లాక్కుంటుంది. ఇళ్లవాళ్లు కుళాయికే నేరుగా మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. ట్యాంకు దగ్గరి కుళాయిలో శాంపిల్ తీస్తే ఇదంతా ఎప్పటికీ కనబడదు.

కాబట్టి శాంపిల్ చోట్లు ఇలా ఎంచండి: ఒక్కో బోరు విడివిడిగా (క్లోరిన్ కలపక ముందు), ట్యాంకు అవుట్‌లెట్, లైను మధ్యలో ఒకటి, రెండు చివర్లు, మురుగు కాలువను లైను దాటే చోటుకు దిగువన ఒకటి. చివరి కుళాయిల్లో మాత్రం 2–3 నిమిషాలు వదలకుండా, నీళ్లు రాగానే మొదటి ధారలో ఒకటి, పదిహేను నిమిషాల తర్వాత ఒకటి తీయండి. మొదటి దానిలోనే ఈ.కోలై వస్తే కాలుష్యం లైనులో. రెండింట్లోనూ వస్తే బోరు, ట్యాంకు లేదా ఇంకా ఆగని లీకేజీ. ఆ మొదటి ధారను తాగడానికి పట్టుకోవద్దని ఇళ్లవాళ్లకు ఇప్పుడే చెప్పొచ్చు.

ఎన్ని అన్నదానికి: 5 వేల లోపు జనాభా ఉన్న పైపు పథకానికి ఏడాదికి కనీసం 12 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అది కనీసం మాత్రమే. ఏడాదిలో 5 శాతం సమయం నీళ్లు కలుషితంగా ఉన్నాయనుకోండి. ఎప్పుడు పడితే అప్పుడు తీసిన 12 శాంపిళ్లలో ఒక్కటీ దాన్ని పట్టుకోకపోయే అవకాశం 54 శాతం. 60 తీసి అన్నీ శుభ్రంగా వచ్చినా, "కలుషిత సమయం 5 శాతం మించదు" అని మాత్రమే కొంత నమ్మకంగా చెప్పగలం. అందుకే శాంపిళ్లను క్యాలెండర్ ప్రకారం కాకుండా వాన పడ్డ మర్నాడు, లైను మరమ్మతు జరిగాక, కరెంటు పోయి వచ్చాక తీయండి. తక్కువ శాంపిళ్లతోనే ఎక్కువ తెలుస్తుంది.

దానికంటే చవకైనదీ, గట్టిదీ కళ్లతో చేసే తనిఖీ. బోరు చుట్టూ గట్టు పగిలిందా, కేసింగ్ పైపు నేలకంటే ఎత్తుగా ఉందా, మూత బిగుతుగా ఉందా, మరుగుదొడ్డి గుంత లేదా పశువుల కొట్టం దగ్గర్లో ఎగువన ఉందా, ట్యాంకు మూత, గాలి గొట్టం జాలీ సరిగా ఉన్నాయా, వాల్వు గుంతల్లో నీళ్లు నిలిచాయా. ఇలాంటి పది ప్రశ్నలకు అవును, కాదు అని రాసి, ఎన్ని లోపాలున్నాయో కూడండి. ఆ మొత్తాన్ని ఈ.కోలై తరగతితో (0, 1–10, 11–100, 100 పైన) పక్కపక్కన పెట్టండి. లోపాలు ఏడెనిమిది ఉండి ఈ.కోలై 0 వచ్చిన చోటును సురక్షితం అని రాయకూడదు. అక్కడ కాలుష్యం ఇంకా దొరకలేదు, అంతే.

జబ్బుల లెక్కను కూడా ఇదే మ్యాపు మీద పెట్టండి. ఒక జాగ్రత్త: నోరోవైరస్ ఒకటి రెండు రోజుల్లో బయటపడుతుంది, క్రిప్టోస్పోరిడియం వారం, టైఫాయిడ్ ఒకటి నుంచి నాలుగు వారాలు, హెపటైటిస్ ఎ దాదాపు నెల. కామెర్లు వరుసగా కనబడ్డ రోజున తీసిన శాంపిల్ శుభ్రంగా వస్తే "నీళ్ల వల్ల కాదు" అని తేల్చేయొద్దు. అప్పుడు చూడాల్సింది నెల క్రితం నాటి క్లోరిన్ రిజిస్టరు, మరమ్మతుల రిజిస్టరు.

సీసం, రాగి లాంటివి బోరులో ఉండవు, చాలావరకు పైపులు, బిగింపుల నుంచే వస్తాయి. వాటి శాంపిల్ తీరు పూర్తిగా తిరగబడుతుంది. ఆరు గంటలు వాడకుండా నిలిచిన నీళ్లలో, జాలీ తీయకుండా, వదలకుండా మొదటి లీటరే పట్టాలి.

ట్యాంకు_కాపలా

నైట్రేట్, ఆర్సెనిక్ విషయం పూర్తిగా తప్పు చదివాం, ధన్యవాదాలు. రెండు సందేహాలు. కొత్త రిపోర్టు వచ్చేదాకా జనానికి ఏం చెప్పాలి? మరిగించి తాగమంటే సరిపోతుందా? బ్లీచింగ్ పౌడర్ పాతబడింది, బలం ఎంతుందో తెలియదు. ఎంత వేయాలి?

మోతాదు_లెక్క

మరిగించమని ఒక్కమాటలో చెప్పొద్దు. గలగలా ఒక నిమిషం మరిగితే సూక్ష్మజీవులు చస్తాయి, కానీ నైట్రేట్ ఎక్కడికీ పోదు, చిక్కబడుతుంది. లీటరు మరిగి 800 మి.లీ. అయితే 62 కాస్తా 77 దాటుతుంది. కాబట్టి సందేశం రెండు ముక్కలుగా ఉండాలి: పెద్దలు, పెద్ద పిల్లలు మరిగించి చల్లార్చి తాగాలి. ఆరు నెలల లోపు బిడ్డల పాలపొడికి ఈ నీళ్లు అసలు వాడకూడదు, మరిగించినా సరే. వేరే నీళ్లు ఏర్పాటు చేసేదాకా ఆ ఇళ్ల జాబితా ఆరోగ్య కార్యకర్త దగ్గర ఉండాలి.

ఫ్లోరైడ్‌కు బోర్లు కలిపే పాళ్లు మార్చి చూడొచ్చు. ఉదాహరణకు ఒకదానిలో 2.8, రెండోదానిలో 1.0 ఉండి సగం సగం కలిస్తే మీ 1.9 వస్తుంది. మొదటి దాని వాటా 22 శాతానికి దించితే 1.4. అయితే ఫ్లోరైడ్ తక్కువున్న బోరు తరచు లోతు తక్కువది, నైట్రేట్ దానిలోనే ఎక్కువ ఉండొచ్చు. రెండు బోర్లకూ రెండు అంకెలూ చేతికి వచ్చాకే వాల్వు ముట్టుకోండి.

శాంపిల్_సీసా

పౌడర్ బలం తెలియకపోయినా పర్వాలేదు, బకెట్ల పరీక్ష చేయండి. లీటరు నీళ్లలో 30 గ్రాముల పౌడర్ కలిపి, సున్నం అడుగుకు దిగాక పై తేట తీసుకోండి. పౌడర్ కొత్తదైతే ఇది సుమారు 1 శాతం ద్రావణం. క్లోరిన్ వేయని ట్యాంకు నీళ్లు నాలుగు బకెట్లలో ఒక్కోదానిలో 20 లీటర్ల చొప్పున పోసి వరుసగా 1, 2, 3, 4 మి.లీ. తేట వేయండి. మీ పీహెచ్‌కు గంట ఆగి ఫ్రీ క్లోరిన్ చూడండి. 0.5 మిగిలిన బకెట్టే మీ మోతాదు. అది మూడోదైతే 2 లక్షల లీటర్లకు అదే తేట 30 లీటర్లు, అంటే అదే పౌడర్ 900 గ్రాములు. బకెట్లకూ ట్యాంకుకూ ఒకే డబ్బా పౌడర్ వాడితే దాని బలం తెలియాల్సిన పని లేదు. నాలుగో బకెట్లోనూ ఏమీ మిగలకపోతే పౌడర్ చచ్చిందైనా కావాలి, నీళ్లలో అమ్మోనియా లేదా ఇనుము దాన్ని తినేస్తూ అయినా ఉండాలి. మోతాదు పెంచే ముందు కొత్త డబ్బాతో మళ్లీ చూడండి. పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరించవద్దు, తేటనే నీళ్లు పడే ధారలో పోయండి.

తర్వాత ట్యాంకు అవుట్‌లెట్‌లో, రెండు చివర్లలో ఒకే పూట కొలవండి. చివర కనీసం 0.2 ఉండాలి. అవుట్‌లెట్‌లో 0.6 ఉండి ఒక చివర 0.4, రెండో చివర సున్నా వస్తే, ఆ రెండో దారిలోనే లీకేజీ వెతకండి.

పసుపు రంగు వచ్చే ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలు వద్దు, అవి అమ్మోనియాతో కలిసిన బలహీన క్లోరిన్‌నూ లెక్కేస్తాయి. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు వచ్చే డీపీడీ 1 మాత్రతో ఫ్రీ క్లోరిన్ చూడండి, ఒక నిమిషంలోపే చదవండి. మాత్ర వేయగానే గులాబీ రంగు మెరిసి వెంటనే తెల్లబడితే క్లోరిన్ లేదని రాయకండి. మితిమీరి ఉన్నప్పుడు రంగు విరిగిపోతుంది. అదే శాంపిల్‌ను క్లోరిన్ లేని నీళ్లతో పదింతలు పలచన చేసి మళ్లీ చూసి, వచ్చిన అంకెను పదితో గుణించండి.